తివాచీ చేతిలో చావు

మొదటిసారి నన్ను చంపింది ఒక తివాచీ.

ఏ మూడు తలల పామో, ఏ నిప్పులు కక్కే డ్రాగనో చంపిందంటే నలుగురిలో చెప్పుకోడానికి కాస్త మర్యాదగా ఉండేది. నా ఖర్మ కొద్దీ పాడుబడ్డ కోటలో అడుగుపెట్టగానే నేలమీద పరిచిన తివాచీ కంటపడింది. రంగు బాగుంది. మగ్గం మీద నేసిందా, మిల్లులో చేసిందా అని వంగి అంచు తిరగేశాను. అది లేచి నన్ను చుట్టేసుకుంది. నా తోటి వీరులు ముగ్గురూ 'ఆంటీని కాపాడండి' అంటూ కత్తులు దూసి తివాచీని నరకడం మొదలెట్టారు. తివాచీ ప్రాణం 33 పాయింట్లు, నా ప్రాణం 12. అది మనిషిని చుట్టుకుని ఉన్నంతసేపూ దాని మీద పడే దెబ్బల్లో సగం లోపలున్న మనిషికే పోతాయని పుస్తకంలో రాసుందట. ఆ ముక్క వాళ్లు నరకడం అయ్యాక బయటపడింది. అంటే నన్ను తివాచీ ఎంత నలిపిందో, నా శ్రేయోభిలాషులూ అంతే నలిపారు. ఆఖరి దెబ్బ కొట్టింది నా పక్క కుర్చీలో ఉన్న డాక్టరీ చదివే పిల్ల. "సారీ ఆంటీ" అంది. పక్క గదిలోంచి మా ఆయన, "పోయావా? అయితే కాఫీ పెట్టు" అన్నారు.

ఇదంతా ఆదివారాలు మా భోజనాల బల్ల మీద జరిగే వ్యవహారం. మా చెల్లెలి కొడుకు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, అయిదుగురు చుట్టూ కూర్చునే బల్ల తన గదిలో లేదని, తన స్నేహితుల్ని వెంటేసుకుని మా ఇంటి మీద పడతాడు. ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. ఒకడు కథ నడుపుతాడు, మావాడే. వాణ్ని డంజన్ మాస్టర్ అంటారు. మిగతావాళ్లు తలా ఒక వేషం కట్టుకుంటారు. "మీ ఎదురుగా తలుపుంది, ఏం చేస్తారు?" అని వాడడుగుతాడు. "తోస్తాం" అంటే పాచిక వెయ్యమంటాడు. ఆ పాచికకి 20 ముఖాలు. మా చిన్నప్పటి అష్టాచెమ్మాలో గవ్వకి రెండే బుద్ధులు, బోర్లా, వెల్లకిలా. దీనికి 20 రకాల బుద్ధులు, అందులో ఒక్కటీ మనవైపు పడదు. వాళ్ల జట్టులో ఒకబ్బాయి ఆఫీసు పని మీద విదేశం వెళ్లి కుర్చీ ఖాళీ అయితే, "పెద్దమ్మా, ఈ ఒక్క ఆదివారానికి కూర్చో" అన్నాడు మావాడు. కూర్చున్నాను. ఇంకా లేవలేదు.

చచ్చాక తీరిక దొరుకుతుంది కదా, ఆ తివాచీ జాతకం ఏమిటో చూద్దామని వాళ్లు ఆడే 2014 నాటి పుస్తకం లాక్కున్నాను. అందులో దాని అన్నదమ్ములు కూడా ఉన్నారు: మనిషి లేకుండానే నడిచే ఇనుప కవచం, ఎవరి చెయ్యీ లేకుండా గాల్లో తిరిగే కత్తి. కదలకుండా ఉన్నప్పుడు మామూలు సామానుకీ వీటికీ తేడా కనిపెట్టలేమట. పేజీలు తిప్పుతున్న కొద్దీ మట్టి మనుషులు, రాతి మనుషులు, గడ్డి మనుషులు వచ్చిపడ్డారు. ఈ లోకంలో కాపలా ఉద్యోగాల్లో సగానికి సగం బొమ్మలే కొట్టేశాయని నాకర్థమైంది. డ్రాగన్లకి పేరొస్తుంది, పని మాత్రం బొమ్మలు చేస్తాయి.

అసలు ఈ ఆటలో పేరుమోసిన భూతాల్లో కొన్ని నిజంగానే బొమ్మల దుకాణంలో పుట్టాయి. ఈ సంగతి మావాడు చెప్పినప్పుడు కోస్తున్నాడనుకున్నాను. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అని ఒక చిన్న ఊరుంది. అక్కడి గ్యారీ గైగాక్స్ అనే ఆయనా, డేవ్ ఆర్నెసన్ అనే ఇంకో ఆయనా కలిసి ఈ ఆట కట్టారు. గైగాక్స్ మొదట్లో బీమా కంపెనీలో పనిచేశాడు. ఎవరికి ఏ ముప్పు ఎంత మేరకు ఉందో బేరీజు వేసే పని. ఆ ఉద్యోగం పోయాక బూట్లు కుట్టి బాగుచేస్తూ కొన్నాళ్లు గడిపాడు. 1974లో చిన్న చిన్న పుస్తకాలు మూడు పెట్టెలో పెట్టి, మొదటి విడతలో 1000 పెట్టెలు వేశారు. ప్రతి భూతానికీ ఇంత ప్రాణం, ఇంత దెబ్బ, ఇంత శాతం అవకాశం అని పట్టికలు కట్టింది అచ్చంగా బీమా బుర్రేనని నా నమ్మకం. మనవాళ్లైతే రాక్షసుడికి బలం ఎంత అంటే 'వెయ్యేనుగుల బలం' అనేసి ఊరుకుంటారు.

అంతకుముందు వాళ్లు ఇంటి కింది గదిలో ఇసుక పోసిన బల్ల మీద చిన్న చిన్న సైనికుల బొమ్మలతో యుద్ధాలు ఆడేవాళ్లు. సైనికుల బొమ్మలు బజార్లో దొరికేవి. భూతాలు దొరికేవి కావు. అలాంటి రోజుల్లో గైగాక్స్ చవక సామాన్ల దుకాణంలో ఒక సంచెడు ప్లాస్టిక్ బొమ్మలు కొనుక్కొచ్చాడు. హాంకాంగ్ సరుకు. చరిత్రకు పూర్వపు జంతువులని సంచి మీద చీటీ. చరిత్రకు పూర్వమే కాదు, చరిత్ర అయిపోయాక కూడా అలాంటి జంతువులు పుట్టవు. ఒకదాని తోక చివర పంకా రెక్కల్లాంటివేవో ఉన్నాయి. ఇంకోటి వీపు మీద డిప్పతో నేలకి కరుచుకుని ఉంది. మరోటి ఎలుగుబంటి అవుదామని బయల్దేరి దారిలో మనసు మార్చుకుంది. వాటిని తెచ్చి ఇసుకబల్ల మీద పెట్టారు. పెట్టాక అవేమిటో చెప్పాలి కదా! తోకకి పంకా ఉన్నది ఇనుముకి తుప్పు పట్టించి తినే రస్ట్ మాన్‌స్టర్ అయింది. మనసు మార్చుకున్నది గుడ్లగూబ తల, ఎలుగు ఒళ్లు ఉన్న ఔల్‌బేర్ అయింది. ఈ రెండూ 1975లో వచ్చిన గ్రేహాక్ అనే అనుబంధ పుస్తకంలోకి ఎక్కాయి. డిప్పదానికి టిమ్ కాస్క్ అనే ఆయన జీవితచరిత్ర రాసి 1976 జూన్‌లో డ్రాగన్ పత్రిక మొదటి సంచికలో అచ్చేశాడు. పేరు బులెట్. నేల కింద ఈదుకుంటూ వచ్చి మీద పడుతుంది. పొట్టి మనుషులన్నా, వాళ్లెక్కే పొట్టి గుర్రాలన్నా దానికి ప్రాణం. ఎల్ఫులనే ఇంకో జాతి మాంసం మాత్రం సయించదు. ఊరూపేరూ లేని ప్లాస్టిక్ ముక్కకి తిండి దగ్గర ఇంత పట్టింపు!

నాకు మాత్రం హాంకాంగ్‌లో ఆ అచ్చు పోసిన మనిషి మీదే ధ్యాస. ఏదో కార్ఖానాలో, పై అధికారి 'డజను రకాలు కావాలి, సాయంత్రానికి' అని ఉంటాడు. డైనోసార్లు అయిపోయాయి. ఇక మిగిలిన ప్లాస్టిక్‌తో చేతికొచ్చింది చేశాడు. తోకకి పంకా ఎందుకు పెట్టాడో ఆయనకే తెలియాలి, బహుశా ఆయనకీ తెలీదు. ఆ పంకా ఇవాళ్టిదాకా ఆ భూతం తోక మీద అలాగే ఉంది. రాసినవాళ్ల పేర్లు పుస్తకం నిండా ఉన్నాయి, అచ్చు పోసినాయన పేరు ఎక్కడా లేదు. తిరునాళ్లలో రబ్బరు పాములమ్మేవాడి పేరు మనమెప్పుడైనా అడిగామా?

ఈ చరిత్రంతా విన్నాక కూడా నేను రెండో వేషంలో ఒళ్లంతా ఇనుము తొడుక్కునే వెళ్లాను. తివాచీలకి దొరకకూడదని ముందుజాగ్రత్త. డాలు, కత్తి, శిరస్త్రాణం, కాళ్లకి కూడా ఇనుమే. గుహ మొగలో ఎదురైంది తుప్పు భూతం. పాపం, దానికి కావలసింది మనిషి కాదు, ఇనుము. మీసాలతో నా ఛాతీ ఇలా తడిమింది, కవచం పొడిపొడిగా రాలడం మొదలైంది. ఆ పొడి అది భోంచేస్తోంది. కర్ర పట్టుకున్న డాక్టరు పిల్ల పక్కన నించుని నవ్వుతోంది.

"ఆగరా, నా కవచం స్టెయిన్‌లెస్ స్టీలు" అన్నాను.

మావాడు పుస్తకం వెతికాడు. స్టెయిన్‌లెస్ స్టీలు గురించి ఒక్క ముక్క లేదు. "ఈ లోకంలో స్టెయిన్‌లెస్ స్టీలు ఇంకా కనిపెట్టలేదు పెద్దమ్మా."

"డ్రాగన్ని కనిపెట్టారు, మాట్లాడే కత్తిని కనిపెట్టారు, స్టీలు బిందె కనిపెట్టలేదా? ఇదేం లోకంరా?"

"డంజన్ మాస్టర్ మాటే ఆఖరిమాట."

మా పెళ్లిలో పెట్టిన స్టీలు బిందె వంటింట్లోంచి తెచ్చి బల్ల మీద పెట్టాను. సాక్ష్యం చెల్లదన్నాడు. గుడ్డపేలికల్లో ఇంటికి చేరాను.

ఇలా చస్తూ, ఇనుము పోగొట్టుకుంటూ తిరుగుతుంటే ఒక ప్రశ్న పట్టుకుంది. ఆ మాంత్రికులకి అంత డబ్బూ, అంత విద్యా ఉండగా గుహల ముందు బొమ్మల్నే ఎందుకు కాపలా పెడతారు? మనుషుల్ని పెట్టొచ్చుగా? మావాడి సమాధానం టకటకా వచ్చింది: జీతం లేదు, నిద్ర లేదు, పండగ మామూళ్లు లేవు, లంచం పనిచెయ్యదు. నిజమే, కానీ అది మాంత్రికుడి వైపు లెక్క. బొమ్మతో వచ్చే చిక్కు ఏమిటంటే అది చెప్పింది చెప్పినట్టే చేస్తుంది. ప్రాగ్ నగరంలో యూదుల్ని కాపాడ్డానికి రబ్బీ లోవ్ అనే గురువు మట్టితో మనిషిని చేశాడని, చివరికి దాన్ని ఆపడమే పెద్ద పనైందని వాళ్ల కథల్లో ఉంది. ఈ ఆటలోని మట్టి గోలెం ఆ కథలోంచే వచ్చింది. ప్రాణం 60 పాయింట్లకి తగ్గిందంటే, తన వంతు వచ్చినప్పుడల్లా ఆరు ముఖాల పాచిక వేస్తారు. ఆరు పడిందా, పిచ్చెక్కి కనిపించినవాణ్నల్లా కొడుతుంది. యజమాని, దొంగ అన్న తేడా ఉండదు.

ఇందులో కొత్తేముంది అన్నాను. పార్వతీదేవి నలుగుపిండితో బొమ్మ చేసి ప్రాణం పోసి, ఎవరినీ లోపలికి రానివ్వద్దని గుమ్మంలో నిలబెట్టింది. వచ్చింది ఇంటాయన. బొమ్మ రానివ్వలేదు. తర్వాత జరిగింది ప్రతి వినాయకచవితికీ అక్షింతలు చేతిలో పట్టుకుని వింటూనే ఉన్నాం. కాపలా పెట్టేముందు 'మా ఆయన్ని తప్ప' అని ఒక్క మాట చేర్చుంటే ఆ గొడవంతా ఉండేది కాదు. మా జట్టులో ఒక గడ్డం కుర్రాడున్నాడు, కోడు రాస్తాడట ఆఫీసులో, ఈ మాటకి తెగ సంబరపడిపోయాడు. "మా పనంతా అదే ఆంటీ, ఆ ఒక్క మాట మర్చిపోవడం" అన్నాడు.

ఆ గడ్డం కుర్రాడితోనే ఇంకో సంగతి తెలిసింది. షీల్డ్ గార్డియన్ అని ఒక నిలువెత్తు కాపలా బొమ్మ ఉంటుంది. ఒక పతకం మెళ్లో వేసుకున్నవాడే దానికి యజమాని. పతకం దొంగిలిస్తే కాపలావాడు కూడా వెంట వచ్చేస్తాడు. దగ్గర్లో ఉన్నంతవరకు యజమానికి తగిలే దెబ్బల్లో సగం తను తింటాడు. ఈ కుర్రాడు ఓ మాంత్రికుడు నిద్రపోతుంటే పతకం కొట్టేశాడు. అంతకుముందు వాడంత నెమ్మదస్థుడు లేడు, తలుపు తట్టి "మే ఐ కమిన్" అనేవాడు. పతకం పడ్డాక తలుపులు తన్నడం మొదలెట్టాడు. రాజుగారి ముందు కాలు మీద కాలేసుకున్నాడు. సంతలో ఒకడితో ఊరికే తగువు పెట్టుకుని రెండు దెబ్బలు తిని, "సగమే తగిలింది" అని మురిసిపోయాడు. బొమ్మ పాపం కిక్కురుమనకుండా మిగతా సగం పుచ్చుకుంటోంది. పుస్తకంలో బొమ్మల పేజీకెదురుగా ఇలాంటి యజమానుల బొమ్మ కూడా వెయ్యాలని నా సూచన.

దిష్టిబొమ్మ విషయంలో మాత్రం వాళ్లతో నాకు గట్టి అభిప్రాయభేదం. వాళ్ల పుస్తకంలో గడ్డిబొమ్మ ఉంది. చేలో కర్రకి కట్టి నిలబెట్టే మనిషి బొమ్మే. అది చూసిందంటే ఎదుటివాడు భయంతో కొయ్యబారి నిలబడిపోతాడు. అంటే చూపు దానిది, బాధ మనది. మనవాళ్ల పద్ధతి పూర్తిగా తిరగేసి ఉంటుంది. మా వీధి చివర కడుతున్న అపార్టుమెంటు మూడో అంతస్తు పిట్టగోడకి ఒక దిష్టిబొమ్మ వేలాడుతోంది. పాత ప్యాంటు, చిరిగిన చొక్కా, లోపల గడ్డి, తల స్థానంలో బోర్లించిన కుండ. కుండ మీద సున్నంతో కళ్లు, ఎర్రరంగుతో చాపిన నాలుక, మీసం ఒకవైపు పైకి, ఒకవైపు కిందకి. అది ఎవరినీ చూడదు. ఊరంతా దాన్నే చూడాలి. పైనున్న ఫ్లాట్ల మీద పడాల్సిన ఏడుపంతా అది తన మొహాన వేసుకుంటుంది. చూపుతో చంపే కాపలావాడు గొప్పవాడా, చూపులన్నీ తను తిని ఇంటిని కాచేవాడు గొప్పవాడా? మావాడు దీన్ని ఆటలో పెడతానన్నాడు. "దీనికి ఎంత ప్రాణం ఇద్దాం పెద్దమ్మా?" గృహప్రవేశం దాకా ఇవ్వమన్నాను.

ఇక చిన్న బొమ్మల సంగతి. 2014 నాటి పుస్తకంలో సామాన్లకి ప్రాణం పోసే మంత్రం ఒకటుంది. చిన్నవైతే ఒకేసారి పదింటికి పొయ్యొచ్చు, రథమంత పెద్దదైతే ఒక్కదానికే. ఎవరైనా రథాన్నే లేపుతారనుకుంటాం. డాక్టరు పిల్ల కాగితం మీద లెక్క కట్టి చూపించింది: పది చిన్న సామాన్లూ గురి తప్పకుండా కొడితే సగటున 65 పాయింట్ల దెబ్బ, రథం ఒక్కటీ కొడితే 17. ఆ లెక్క రాసినవాళ్లు పూర్వజన్మలో చీమలై ఉంటారు. సరే, బల్ల మీద పెట్టడానికి పది చిన్న సామాన్లు కావాలన్నారు. నేను తేరుకునేలోపే మావాడు అద్దాల బీరువా తెరిచి నా కొండపల్లి బొమ్మలు దించేశాడు. సంక్రాంతి కొలువులో తప్ప కిందికి దిగని బొమ్మలు! దంచే ఆవిడ, చల్ల చిలికే ఆవిడ, తాటిచెట్టెక్కిన కల్లుగీతగాడు, సన్నాయి, డోలు, పంతులుగారు, అంబారీ ఏనుగు, ఇంకా మూడు చిల్లర మనుషులు. ఎదురుగా కొండ రాక్షసుడి పాత్రలో మా ఇంటి మిరియాల డబ్బా.

యుద్ధం చూసి తీరాల్సిందే. గీతగాడు రాక్షసుడి మోకాలెక్కి గీస్తున్నాడు. దంచే ఆవిడ రోకలితో పాదం మీద ఒకటే దంపుడు. పంతులుగారు ఏం చేస్తారని అడిగితే, "ముహూర్తం బాగోలేదని రాక్షసుడికి చెబుతారు" అన్నాను. మావాడు పాచిక వెయ్యమన్నాడు. 19 పడింది. రాక్షసుడు ఒక వంతు తటపటాయించాడు, ఈలోగా సన్నాయి మనిషి వాడి కంట్లో పొడిచాడు. రెండు వంతుల్లో మిరియాల డబ్బా పడిపోయింది. పడిపోతూ ఏనుగు చెవి మీద పడింది. చెవి ఊడొచ్చింది.

అప్పుడు చూశాను, ఆ బొమ్మ అంత తేలిగ్గా ఎందుకుంటుందో. తెల్లపొణికి కర్ర, ఆరబెట్టాక గుప్పెడు దూదంత బరువు కూడా ఉండదు. ముక్కలు విడివిడిగా చెక్కి, రంపపుపొట్టు, చింతగింజల పిండి కలిపిన మక్కుతో అతికిస్తారు. ఊడిన చోట రంగు కింద ఆ మక్కు గోధుమరంగులో, గరుకుగా కనిపిస్తోంది. ఆ మక్కు పెట్టిన వేళ్లు కొండపల్లిలో ఎవరివో. గడ్డం కుర్రాడు జిగురుతో అతికించాడు, కాస్త వెనక్కి తిరిగింది. ఇప్పుడా ఏనుగు ఎవరో వెనకనుంచి పిలిచినట్టు చెవొగ్గి వింటూ ఉంటుంది.

నా బాధ చూసి మావాడు ఆ ఏనుగుకి ఆటలో శాశ్వత ఉద్యోగం వేయించాడు. వాళ్ల పుస్తకంలో ఇలాంటిదే పాలరాతి ఏనుగు ఒకటుంది. నాలుగంగుళాల బొమ్మ. నేల మీద పడేసి దాని సంకేత పదం పలికితే నిజం ఏనుగై నిలబడుతుంది, 24 గంటలు చెప్పినమాట వింటుంది. తర్వాత మళ్లీ బొమ్మైపోతుంది, ఇక ఏడు రోజులు ఎంత పిలిచినా పలకదు. ఒక రోజు పని, ఏడు రోజులు సెలవు. పెట్టిపుట్టింది.

పీడకలల్లాంటి బొమ్మలూ ఉన్నాయి, వాటి దగ్గర నేనెక్కువసేపు ఆగను. రేవెన్‌లాఫ్ట్ అని ఈ ఆటలోనే ఒక చీకటి దేశం. అక్కడ కారియొనెట్ అనే కొయ్యబొమ్మలు సూదితో పొడిచి మన ప్రాణాన్ని బొమ్మలోకి తోసి, మన ఒళ్లు తొడుక్కుని దర్జాగా నడిచి వెళ్లిపోతాయి. మన తోలుబొమ్మల జుట్టుపోలిగాడు అలా ఎవరి ఒంట్లోకైనా వెళ్తే ఎలా ఉంటుందని ఆలోచించాను. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఒంట్లోకి వెళ్తే మాత్రం రెండు మీటింగులు కూర్చుని సాయంత్రానికల్లా తన తోల్లోకి తను తిరిగొచ్చేస్తాడు. మంచి బొమ్మలూ లేకపోలేదు. స్టఫ్డ్ ఫేబుల్స్ అని 2018లో వచ్చిన బల్లమీది ఆటలో గుడ్డబొమ్మలే వీరులు. నిద్రపోతున్న పాపని పీడకలల నుంచి కాపాడాలి. దెబ్బ తగిలితే నెత్తురు రాదు, దూది రాలుతుంది. డాక్టరు పిల్లకి ఇది విపరీతంగా నచ్చింది. వార్డులో కూడా దూదే కారితే బాగుండునంది.

ఇవన్నీ విన్నాక ఒకనాడు నేను తేల్చేశాను: మీ కాపలా బొమ్మలన్నీ కొట్టేవే. కొట్టడం ఎవడైనా కొడతాడు. కొట్టకుండా ఆపిన బొమ్మలు మా దగ్గరున్నాయి, 32. వేలెత్తకుండా ఒక మహారాజుని సింహాసనం ఎక్కనివ్వలేదు.

వాళ్లకి తెలీదు. మావాడికి కూడా తెలీదు, వాళ్లమ్మ నా చెల్లెలైనందుకు సిగ్గుపడ్డాను. అప్పుడు చెప్పాను. ఒక రైతు చేలో మంచె ఎక్కితే మహాదాత, రండి, కంకులు కోసుకోండి, తినండి అంటాడు. మంచె దిగితే పరమ పిసినారి, నా చేను పాడుచేశారని శాపనార్థాలు పెడతాడు. ఈ తమాషా విన్న భోజరాజు ఆ చోట తవ్విస్తే విక్రమార్కుడి సింహాసనం బయటపడింది. మెట్లకి 32 సాలభంజికలు. భోజుడు మంచిరోజు చూసుకుని కాలెత్తేసరికి ఒక బొమ్మ నోరు విప్పింది: ఆగు, ఈ గద్దె మీద కూర్చున్నాయన ఎలాంటివాడో చెబుతాను, విని, నువ్వూ అంతటివాడివైతే ఎక్కు. కథ అయ్యేసరికి ముహూర్తం దాటిపోయింది. మర్నాడు ఇంకో బొమ్మ. ఇలా 32 కథలు. కొరవి గోపరాజు 15వ శతాబ్దంలోనే దీన్ని సింహాసన ద్వాత్రింశికగా తెలుగులో రాశాడు. కత్తి లేదు, విషం లేదు, సూది లేదు. అడిగిందల్లా ఒక్కటే, నువ్వంతటివాడివా అని.

నా లెక్కలో ఆటలు కట్టేవాళ్లందరూ ఈ బొమ్మల దగ్గర కొన్నాళ్లు పాఠం చెప్పించుకోవాలి. గోలెం దగ్గర ఎవడి బలం ఎంతో తేలుతుంది. సాలభంజిక దగ్గర ఎవడు ఎలాంటివాడో తేలుతుంది. పైగా గోలేన్ని ఎలాగో పగలగొట్టి దాటొచ్చు. కథ మధ్యలో లేచి వెళ్లడం ఎంతటి వీరుడికైనా కష్టం, 'తర్వాతేమైంది' అన్న సంకెల కాలికి పడుతుంది.

మావాడు పుస్తకం మూసేశాడు. "వచ్చే ఆదివారం సింహాసనం పెడతాను. బొమ్మల గొంతు నువ్వే పెద్దమ్మా." నేను ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్న ఉద్యోగం. మా ఇంట్లో నేను రెండో వాక్యం మొదలెట్టేసరికి మా ఆయన పేపరు అడ్డం పెట్టుకుంటారు. ఇప్పుడు నిబంధనల ప్రకారం వినక తప్పని నలుగురు దొరికారు.

సింహాసనం స్థానంలో నా పీట. దాని ముందు చెవి తిరిగిన ఏనుగు. మొదట గడ్డం కుర్రాడు గొడ్డలి తీశాడు. బొమ్మని నరికాడు. "నరికావా? పాపం, కథ మొదట్నుంచీ చెబుతుంది" అన్నాను. గొడ్డలి దింపేశాడు. డాక్టరు పిల్ల, సింహాసనం వద్దు, పక్కన నేల మీద కూర్చుంటానంది. కూర్చోమన్నాను, వినడానికి అదే మంచి చోటు. విదేశం నుంచి తిరిగొచ్చిన కుర్రాడు, తన కుర్చీ పోయి స్టూలు మీద సర్దుకున్నవాడు, తన వేషంలో చెవుల్లో దూది పెట్టుకుంటానన్నాడు. బొమ్మ కథ ఆపి, వాడు దూది తీసేదాకా కాచుకుని కూర్చుందని చెప్పాను. మొదటి కథ చెప్పాను, విక్రమార్కుడు అడిగినవాడికి అడిగిందల్లా ఇచ్చేసే కథ. చివర్లో బొమ్మ అడిగింది: "ఏం నాయనా, నీకంత ఉదారత ఉందా? పోయినవారం పిజ్జా బిల్లు ఎవరిచ్చారు?" బల్ల చుట్టూ ఎవరూ మాట్లాడలేదు. ఇచ్చింది నేనే.

రెండో కథ సగంలో గడ్డం కుర్రాడు మెల్లగా, "ఆంటీ, 32 కథలూ తప్పనిసరా? పాచిక వేసి దాటెయ్యడానికి లేదా?" అన్నాడు.

"వెయ్యి నాయనా, ఎవరొద్దన్నారు?"

గాల్లోకి ఎగరేశాడు. పాచిక బల్లంతా దొర్లి, ఏనుగు కాలికి తగిలి ఆగింది. మిగతా ముగ్గురూ లేచి నిలబడి అరిచారు: "20! ఆంటీ, 20 పడింది!"

"పడిందా? అయితే బొమ్మకి మీ మీద తెగ ముచ్చటేసింది. 33వ కథ కూడా చెబుతుందట. కూర్చోండి."